సొంత బోరా, కాలువ నీళ్ళా: ఫ్లాట్‌పాక్, స్నాప్, యాప్‌ఇమేజ్, డాకర్లలో ఏ పనికి ఏది

భీమవరంలోనో పాలకొల్లులోనో ఒక డీటీపీ సెంటర్‌లో ఉబుంటు 22.04 సిస్టమ్ ఉందనుకోండి. శుభలేఖల పనికి స్క్రైబస్ అనే పేజీ డిజైన్ ప్రోగ్రాము కావాలి. ఉబుంటులో ప్రోగ్రాములు ఎక్కించే మామూలు కమాండ్ ఏపీటీతో వేస్తే 1.5 వరసలోది వస్తుంది. 1.6 విడుదలైంది 2024 జనవరిలో. ఏపీటీ ప్యాకేజీలు తెచ్చుకునే భండారం, అంటే ఉబుంటు 22.04 రిపాజిటరీలో వెర్షన్లు 2022 ఏప్రిల్‌కే ఖరారైపోయాయి కాబట్టి 1.6 అక్కడికి రాదు. ఉన్నదానితో సరిపెట్టుకోవచ్చు, సిస్టమ్ మొత్తం కొత్త ఉబుంటుకి మార్చుకోవచ్చు, లేదా తనకు కావలసిన లైబ్రరీలన్నీ (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధపు కోడ్) తనతోనే మోసుకొచ్చే ప్యాకేజీ వేసుకోవచ్చు. ఫ్లాట్‌పాక్, స్నాప్, యాప్‌ఇమేజ్, డాకర్ ఈ మూడో దారిలోని పద్ధతులు. ఈ దారిలో ఏముంది, ఎక్కడ కాలు జారుతుంది అన్నదే ఇక్కడ చెప్పేది.

గోదావరి డెల్టా వాళ్ళకు ఈ తేడా చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. ఏపీటీతో వేసే మామూలు డెబ్ ప్యాకేజీలు కాలువ కింద చేలు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళే అందరికీ. నెట్ సంభాషణను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి లైబ్రరీ సిస్టమ్‌లో ఒక్కటే ఉంటుంది, పదుల కొద్దీ ప్రోగ్రాములు దాన్నే వాడుకుంటాయి. లాకు దగ్గర ఒక్కచోట బాగుచేస్తే ఆయకట్టంతా బాగుపడుతుంది, కాలువ కట్టేస్తే అందరికీ కట్టేసినట్టే. లైబ్రరీలు తనతో తెచ్చుకునే ప్యాకేజీ సొంత బోరు. వంతు కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ ఆ నీళ్ళలో ఉప్పెంతో పరీక్ష చేయించుకోవలసింది బోరు గలవాడే.

అందుకని డిస్కు ఎంత తింటుంది, ఎంత వేగంగా తెరుచుకుంటుంది అన్న లెక్కలకన్నా ముందు ఒకటి అడగాలి: లోపల ఉన్న లైబ్రరీలో రేపు లోపం బయటపడితే దాన్ని ఎవరు మారుస్తారు, ఎన్నాళ్ళలో మారుస్తారు?

(కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

లోపం దిద్దే బాధ్యత ఎవరిది

2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడింది. డెబియన్, ఉబుంటు సర్వర్ల మీద ఒక్క లైబ్రరీ ప్యాకేజీ అప్‌డేట్ చేసి, దాన్ని పట్టుకుని ఉన్న సర్వీసులు రీస్టార్ట్ చేస్తే కన్నం మూసుకుపోయింది. సర్టిఫికెట్లు, కీలు మార్చుకోవడం వేరే పని. ఇది కాలువ పద్ధతిలో ఉన్న బలం.

2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలు తెరిచే లైబ్రరీ లిబ్‌వెబ్‌పీలో లోపం వచ్చింది, దాని నంబరు సీవీఈ-2023-4863. ప్రత్యేకంగా తయారుచేసిన బొమ్మ ఒకటి తెరిస్తే చాలు, అవతలివాడి కోడ్ నడిచే ప్రమాదం. బ్రౌజర్లు కొద్దిరోజుల్లోనే దిద్దుకున్నాయి. కానీ ఎలక్ట్రాన్‌తో (బ్రౌజర్‌నే లోపల పెట్టి యాప్ కట్టే పద్ధతి) కట్టిన చాట్ యాప్‌లు, నోట్స్ యాప్‌లు, కోడ్ ఎడిటర్లు ప్రతి ఒక్కటీ ఆ లైబ్రరీ సొంత కాపీని లోపల పెట్టుకుని ఉంటాయి. ఏపీటీతో సిస్టమ్ లైబ్రరీ మారినా ఆ కాపీలకు సంబంధం లేదు. ఆ లోపం దిద్దకముందు దించుకుని హోమ్ ఫోల్డర్‌లో పడేసిన యాప్‌ఇమేజ్‌లో ఆ పాత కాపీ ఇప్పటికీ అలాగే ఉంటుంది, ఎవరూ హెచ్చరించరు. 2021 డిసెంబరు నాటి లాగ్4షెల్ (లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం) అయితే మరీ లోతు: డాకర్ ఇమేజ్‌లో జార్ ఫైలు, ఆ జార్‌లో ఇంకో జార్, దానిలో లాగ్4జే. ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవడమే పెద్ద పనయింది.

అలాగని కాలువ నీళ్ళన్నీ శుద్ధమనీ కాదు. ఉబుంటులో "మెయిన్" విభాగానికి ఉన్నంత భద్రతా కాపలా "యూనివర్స్" విభాగానికి ఉచితంగా దొరకదు. దానికి ఉబుంటు ప్రో కావాలి, సొంత వాడకానికి 5 మెషీన్ల దాకా అది ఉచితమే. ఏపీటీ పాలసీ కమాండ్ కొట్టి ఒక ప్యాకేజీ ఏ విభాగంలో ఉందో చూడటం అలవాటు చేసుకోవాలి. ఇంకోవైపు, రిపాజిటరీ నెమ్మదిగా నడవడమే ఒక్కోసారి కాపాడుతుంది. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్ళు కుదించే ప్రోగ్రాము) బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది. అంత కొత్త వెర్షన్ డెబియన్ స్టేబుల్‌కు చేరనే లేదు. స్క్రైబస్ 1.6ని మనకు అందనివ్వనిదీ, ఆ బ్యాక్‌డోర్‌ని లోపలికి రానివ్వనిదీ ఒకటే నెమ్మది.

డెస్క్‌టాప్ మీద: ముందు ఫ్లాట్‌పాక్ చూడండి

రిపాజిటరీలో ఉన్నది సరిపోనప్పుడు గ్రాఫికల్ అప్లికేషన్లకు మొదటి ఎంపిక ఫ్లాట్‌పాక్ అన్నది మా అభిప్రాయం. కారణం రన్‌టైమ్. ఫ్లాట్‌పాక్ యాప్ అన్నీ తనలో కుక్కుకోదు. జీటీకే, క్యూటీ (యాప్ కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీలు), గ్లిబ్‌సీ (ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండే లైబ్రరీ) లాంటి బరువైనవి రన్‌టైమ్ అనే ఉమ్మడి పొరలో ఉంటాయి, యాప్‌కి ప్రత్యేకమైనవి మాత్రమే యాప్‌లో ఉంటాయి. కాలువకీ బోరుకీ మధ్య పంట బోదె లాంటిది. రన్‌టైమ్‌లో లోపం దిద్దితే దాని మీద నడిచే యాప్‌లన్నిటికీ అందుతుంది. ఒకే రన్‌టైమ్ వాడే యాప్‌లు నాలుగున్నా అది డిస్కులో ఒక్కసారే ఉంటుంది.

ఇబ్బంది మొదటి రోజునే తెలుస్తుంది. యాప్ 40 ఎంబీ అని చూపిస్తుంది, కానీ దానితో రన్‌టైమ్, గ్రాఫిక్స్ ఎక్స్‌టెన్షన్, భాషల ఫైళ్ళు కలిసి కొన్ని వందల ఎంబీలు దిగుతాయి. ఎన్‌విడియా కార్డు ఉంటే దాని డ్రైవర్ కాపీ ఇంకొకటి. రోజుకి 1.5 జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్ మీద ఈ పని మొదలుపెట్టకండి. ఫైబర్ లైను ఉన్నచోట మొదటిసారి వేసుకోండి. తర్వాత అప్‌డేట్లలో మారిన ముక్కలే దిగుతాయి కాబట్టి భారం తగ్గుతుంది. మూడు యాప్‌లు మూడు వేర్వేరు రన్‌టైమ్‌లు అడిగితే మాత్రం డిస్కు గబగబా నిండుతుంది. నెలకోసారి "ఫ్లాట్‌పాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్" కొడితే ఎవరూ వాడని పాత రన్‌టైమ్‌లు పోతాయి.

రన్‌టైమ్‌కి ఆయుష్షు ఉంటుంది. ఫ్రీడెస్క్‌టాప్ రన్‌టైమ్ ఏడాదికొకటి వస్తుంది, ఒక్కోదాన్ని సుమారు రెండేళ్ళు చూస్తారు. గ్నోమ్ రన్‌టైమ్ ఆరు నెలలకొకటి, దాని బతుకు ఇంకా చిన్నది. అప్‌డేట్ చేసేటప్పుడు "ఎండ్ ఆఫ్ లైఫ్" అన్న మాట కనిపిస్తే దాటేయకండి. ఆ యాప్ తయారీదారు కొత్త రన్‌టైమ్‌కి మారలేదని, కింద ఉన్న లైబ్రరీలకు ఇక మరమ్మతు లేదని దానర్థం. అలాంటి యాప్‌తో బయటివాళ్ళు పంపిన ఫైళ్ళు తెరవడం మానుకోవాలి.

సాండ్‌బాక్స్, అంటే యాప్‌ని మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసే గోడ, గురించి ఎక్కువగా నమ్మేస్తున్నారు. "ఫ్లాట్‌పాక్ ఇన్ఫో --షో-పర్మిషన్స్" అని యాప్ పేరు ఇచ్చి చూడండి. ఫైల్‌సిస్టమ్స్ వరసలో "హోస్ట్" అనో "హోమ్" అనో ఉంటే ఆ యాప్‌కి మీ ఫైళ్ళన్నీ అందుబాటులో ఉన్నట్టే. గోడ ఉంది, తలుపు తీసే ఉంది. ఫ్లాట్‌సీల్ అనే చిన్న యాప్‌తో ఆ అనుమతులు తగ్గించవచ్చు.

తగ్గించినప్పుడు వచ్చే తంటా డీటీపీ వాళ్ళకు బాగా తగులుతుంది. అనుమతి లేని యాప్‌లో ఫైలు తెరిస్తే, మీరు ఎంచుకున్న ఆ ఒక్క ఫైలే పోర్టల్ (ఎంచుకున్న ఫైలుని సాండ్‌బాక్స్‌లోకి అందించే కిటికీ) ద్వారా లోపలికి వెళుతుంది. శుభలేఖ ఫైలు తెరుచుకుంటుంది, అందులో లింక్ చేసిన వినాయకుడి బొమ్మ, పెళ్ళికొడుకు ఫొటో ఖాళీ చట్రాలుగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని మళ్ళీ పని మొదలుపెట్టేవాళ్ళున్నారు. పాడవలేదు, పక్కనున్న బొమ్మలు యాప్‌కి కనబడటం లేదంతే. ఆర్డర్లన్నీ ఒకే ఫోల్డర్ కింద పెట్టుకుని, ఫ్లాట్‌సీల్‌లో ఆ ఫోల్డర్ ఒక్కదానికే అనుమతి ఇవ్వండి. హోమ్ మొత్తం ఇవ్వనక్కర్లేదు.

తెలుగు పరీక్ష

ఏ పద్ధతిలో వేసినా, కస్టమర్ పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు దీనికి కేటాయించండి. యాప్ తెరిచి "లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, సర్వం, జ్ఞానం" అని కొట్టండి. మూడు విషయాలు విడివిడిగా చూడాలి.

ఒకటి, అక్షరం కుదురుతోందా. "ష్ట్ర"లో టకార, రకార ఒత్తులు రెండూ ష కింద ఒదిగి రావాలి. పొల్లులు విడివిడిగా నిలబడి "రాష్‌ట్‌రం"లా కనిపిస్తే ప్యాకేజీలో ఉన్న అక్షరాలు కూర్చే లైబ్రరీ పాతదనో, యాప్ దాన్ని వాడటం లేదనో అర్థం. అది ఫాంటు మార్చితే పోదు. రెండు, ఫాంటు కనిపిస్తోందా. మండలి, రామభద్ర, పొన్నాల లాంటి యూనికోడ్ ఫాంట్లు మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫాంట్ల ఫోల్డర్‌లో పెడితే ఫ్లాట్‌పాక్, స్నాప్ యాప్‌లు మామూలుగా వాటిని చూడగలవు. యాప్ మూసి మళ్ళీ తెరవాలి. మూడు, కీబోర్డు మారుతోందా. ఇక్కడే యాప్‌ఇమేజ్‌లు తరచుగా దెబ్బతింటాయి. ఐబస్‌తోనో ఎఫ్‌సిటిక్స్‌తోనో (తెలుగు కీబోర్డు నడిపే ప్రోగ్రాములు) తెలుగు కొట్టాలంటే క్యూటీ యాప్ లోపల దానికి సంబంధించిన ఇన్‌పుట్ ప్లగిన్ ఉండాలి. ప్యాకేజీ కట్టినవాడు తెలుగో చైనీసో ఎప్పుడూ కొట్టకపోతే అది పెట్టడం మర్చిపోతాడు. సిస్టమ్‌లో ప్లగిన్ ఉన్నా లోపలి క్యూటీ దాన్ని తీసుకోదు. వేరేచోట కొట్టి అతికించుకోవడం ఒక్కటే మిగులుతుంది. రోజంతా టైపింగ్ ఉన్న పనికి అది పనికిరాదు, డెబ్ గానీ ఫ్లాట్‌పాక్ గానీ చూసుకోండి.

అను ఫాంట్లలో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్ళ విషయంలో ఏ ప్యాకేజింగూ ఏమీ చేయలేదు. అది యూనికోడ్ కాని ఎన్‌కోడింగ్, వేరే సమస్య.

స్నాప్: అప్‌డేట్ పగ్గాలు ఎవరి చేతిలో

స్నాప్‌ని తిట్టేవాళ్ళు ఎక్కువ. కొంత న్యాయమే, కొంత కాదు. స్నాప్‌లను చూసుకునే సర్వీసు స్నాప్‌డీ రోజుకి నాలుగుసార్లు కొత్త వెర్షన్ ఉందేమో చూసి తనంతట తానే మార్చేస్తుంది. మనం ఏమీ ముట్టుకోకుండా వదిలేసే సిస్టమ్‌కి, అంటే కౌంటర్ మీద బిల్లులు కొట్టడానికీ ఒక బ్రౌజర్ వాడటానికీ ఉన్న మెషీన్‌కి, ఇది మేలు. పాత బ్రౌజర్‌తో ఏళ్ళు గడిచే ప్రమాదం లేదు.

60 సిస్టమ్‌ల కాలేజీ ల్యాబ్‌కి అదే కీడు. దసరా సెలవుల తర్వాత ల్యాబ్ తెరిచి అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే, గడువు దాటిన అప్‌డేట్ల కోసం 60 మెషీన్లూ ఒక్కసారిగా బయటికి పరిగెడతాయి. ఒక స్నాప్ 250 ఎంబీ అనుకుంటే 15 జీబీ. తేడా ముక్కలే దిగినప్పుడు తక్కువవుతుంది గానీ, మొదటి గంట ల్యాబ్ పరీక్ష ఉంటే ఆ కొంచెమే చాలు. "సూడో స్నాప్ రిఫ్రెష్ --హోల్డ్" కొడితే మీరు వదిలేదాకా ఆగుతుంది. ఇది స్నాప్‌డీ 2.58 నుంచి ఉంది. పరీక్షలయ్యాక "--అన్‌హోల్డ్" చేయడం క్యాలెండర్‌లో రాసుకోండి, లేకపోతే ఆపిన అప్‌డేట్లు ఆగిపోయే ఉంటాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో అయితే ఆ కనెక్షన్‌ని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో "మీటర్డ్" అని గుర్తు పెట్టి, "సూడో స్నాప్ సెట్ సిస్టమ్ రిఫ్రెష్.మీటర్డ్=హోల్డ్" ఇవ్వండి.

ల్యాబ్‌కి డెబ్ ప్యాకేజీలే సులువు. ఒక మెషీన్‌లో ఏపీటీ-క్యాషర్-ఎన్‌జీ (దిగిన ప్యాకేజీలు దాచిపెట్టి మిగతావాటికి పంచేది) వేసి, మిగతావన్నీ దాని 3142 పోర్టు వైపు తిప్పితే ప్రతి ప్యాకేజీ బయటి నుంచి ఒక్కసారే దిగుతుంది. హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలు మాత్రం ఇలా మామూలుగా క్యాష్ కావు.

ఇక పెన్‌డ్రైవ్. స్నాప్‌గా వేసిన యాప్‌లో కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ తెరవబోతే "పర్మిషన్ డినైడ్" వస్తుంది, డ్రైవ్ పాడైందని తిప్పి పంపేస్తారు. మీడియా ఫోల్డర్ చూసే అనుమతి చాలా స్నాప్‌లకు వాటంతట అవి కలవదు. "సూడో స్నాప్ కనెక్ట్ జింప్:రిమూవబుల్-మీడియా" అని ఒకసారి కొడితే తెరుచుకుంటుంది. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లు కూడా స్నాప్‌లకు కనబడవు.

స్నాప్ ఫైలు కుదించిన స్క్వాష్‌ఎఫ్‌ఎస్. ఎస్‌ఎస్‌డీ ఉంటే పట్టింపు లేదు. పాత హార్డ్‌డిస్కు మీద కరెంటు వచ్చాక మొదటిసారి తెరిచినప్పుడు ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది. పాత వెర్షన్ ఒకటి ఎప్పుడూ డిస్కులో ఉంచుతుంది, స్థలం తింటుంది, కానీ కొత్తది చెడితే "స్నాప్ రివర్ట్"తో నిమిషంలో వెనక్కి పోవచ్చు. ఏపీటీలో ఇంత తేలికగా వెనక్కి రాలేం.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడే ఆఫీసులకు ఒక మాట. టోకెన్‌తో ఇచ్చే పీకేసీఎస్11 డ్రైవర్ సిస్టమ్‌లో కూర్చుంటుంది. సాండ్‌బాక్స్‌లో ఉన్న బ్రౌజర్ దాన్ని అందుకోలేక సర్టిఫికెట్ కనబడలేదంటుంది. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది, ఏపీటీలో అదే పేరుతో ఉన్నది స్నాప్‌ని పిలిచే ఖాళీ ప్యాకేజీ. 2024 జనవరి నుంచి మొజిల్లా సొంత ఏపీటీ రిపాజిటరీ ఇస్తోంది. అది కలుపుకుని, ప్రిఫరెన్సెస్ ఫైలులో దానికి 1000 ప్రాధాన్యం ఇవ్వాలి. ఈ రెండో అడుగు వదిలేస్తే వచ్చే అప్‌డేట్‌లో ఉబుంటు మళ్ళీ స్నాప్‌ని తెచ్చి కూర్చోబెడుతుంది.

స్టోర్‌లో ఉన్నంత మాత్రాన నమ్మదగినదని కాదు. 2024 ఫిబ్రవరిలో నకిలీ క్రిప్టో వాలెట్ స్నాప్ స్టోర్‌లోకి చొరబడి డబ్బు దోచింది. స్నాప్ స్టోర్‌లోనైనా, ఫ్లాట్‌పాక్‌లు దొరికే ఫ్లాట్‌హబ్‌లోనైనా పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు ఉందా, ప్రచురించింది అసలు తయారీదారేనా చూశాకే వేయండి.

యాప్‌ఇమేజ్: ఒక్క ఫైలు, కాపలా లేదు

దించుకో, నడిచే అనుమతి ఇవ్వు, రెండుసార్లు నొక్కు. రూట్ (సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఒక పాత ప్రాజెక్టు పాత వెర్షన్‌లోనే తెరవాలంటే, కొత్త వెర్షన్ నచ్చుతుందో లేదో చూడాలంటే ఇంతకన్నా మంచిది లేదు. స్క్రైబస్ 1.5ని ఏపీటీలో ఉంచుకుని 1.6ని యాప్‌ఇమేజ్‌గా పక్కన నడిపి చూడవచ్చు. అయితే 1.6లో సేవ్ చేసిన ఫైలు మళ్ళీ 1.5లో సరిగ్గా తెరుచుకుంటుందని భరోసా లేదు, నకలు తీసుకుని ప్రయత్నించండి.

నడవకపోతే సాధారణంగా కారణం ఈ నాలుగింటిలో ఉంటుంది. ఉబుంటు 22.04లో యాప్‌ఇమేజ్ తెరుచుకోవడానికి కావలసిన లిబ్‌ఫ్యూజ్2 లైబ్రరీ ముందే ఉండదు, ఆ పేరుతోనే వేసుకోవాలి. 24.04లో పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. పొరపాటున "ఫ్యూజ్" అనే ప్యాకేజీ వేస్తే అది ఫ్యూజ్3ని తొలగించి డెస్క్‌టాప్ భాగాల్ని కూడా లాక్కుపోతుంది, వై కొట్టే ముందు తీసేసే జాబితా చదవండి. ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్ మీద నడిచే అనుమతి నిలవదు, హోమ్‌లోకి కాపీ చేశాకే ఇవ్వాలి. గ్లిబ్‌సీ మామూలుగా లోపల ఉండదు, కాబట్టి కొత్త సిస్టమ్ మీద కట్టిన యాప్‌ఇమేజ్ పాత సిస్టమ్ మీద "గ్లిబ్‌సీ వెర్షన్ నాట్ ఫౌండ్" అంటుంది. అన్నీ తనతో తెచ్చుకుంటుందన్న మాట అక్కడ నిజం కాదు. నాలుగోది ఉబుంటు 24.04లో: యాప్‌లు సాండ్‌బాక్స్ కట్టుకోవడానికి వాడే యూజర్ నేమ్‌స్పేస్‌ల మీద యాప్‌ఆర్మర్ (ఉబుంటు భద్రతా కాపలా) ఆంక్ష వచ్చింది, ఎలక్ట్రాన్ యాప్‌ఇమేజ్‌లు సాండ్‌బాక్స్ లోపమని చెప్పి ఆగిపోతాయి. "--నో-సాండ్‌బాక్స్" పెట్టి నడపమని చాలామంది చెబుతారు. బయటి పేజీలు, సందేశాలు తెరిచే యాప్‌కి ఆ పని చేయకండి. దాని డెబ్‌నో ఫ్లాట్‌పాక్‌నో వాడండి, లేదా ఆ ఫైలుకి యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ రాయండి.

యాప్‌ఇమేజ్‌కి తనంతట తాను సాండ్‌బాక్స్ లేదు, అప్‌డేట్ చేసే వ్యవస్థా లేదు. కొన్నిటిలో తయారీదారు పెడతాడు, కొన్నిటిలో పెట్టడు. అందుకే రోజూ ఇంటర్నెట్‌తో మాట్లాడే బ్రౌజర్, మెయిల్, చాట్ యాప్‌లను ఈ రూపంలో ఉంచుకోవద్దని గట్టిగా చెబుతాం.

విండోస్ మీద

ఇదే లెక్క, పేర్లు వేరు. డాట్‌నెట్ అప్లికేషన్‌ని "సెల్ఫ్ కంటెయిన్డ్"గా ప్రచురిస్తే రన్‌టైమ్ లోపలే వస్తుంది. ఎరువుల కొట్టు మెషీన్‌లో డాట్‌నెట్ లేకపోయినా నడుస్తుంది. కానీ మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్‌కి ఇచ్చే మరమ్మతులు దానికి అందవు, మీరే మళ్ళీ కట్టి పంపాలి. పదిచోట్ల కంటే ఎక్కువ పెట్టినవాళ్ళు ఉమ్మడి రన్‌టైమ్ మీద ఆధారపడే రకమే ఎంచుకోవడం మేలు. పైఇన్‌స్టాలర్ "వన్‌ఫైల్"తో కట్టినవి తెరిచిన ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లో విప్పుకుంటాయి కాబట్టి నెమ్మది, పైగా యాంటీవైరస్‌లు వాటిని అనుమానిస్తాయి. "వన్‌డిర్" రకంతో ఈ గొడవ తక్కువ.

సర్వర్ మీద: డాకర్ దేనికి, దేనికి కాదు

రొయ్యల మేత డీలరో రైస్ మిల్లో సహకార సంఘమో, ఒక చిన్న పీసీ మీద బిల్లింగ్ వెబ్ అప్లికేషన్, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుపుతారు. ఇక్కడ మా సలహా స్పష్టం. ఎస్‌ఎస్‌హెచ్, ఎన్‌జిన్‌ఎక్స్, వీలైతే పోస్ట్‌గ్రెస్ కూడా డెబియన్ ప్యాకేజీలుగా ఉంచి, భద్రతా మరమ్మతులు తనంతట తానే ఎక్కించే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఆన్ చేయండి. నిర్దిష్టమైన నోడ్ లేదా పీహెచ్‌పీ వెర్షన్ అడిగే అప్లికేషన్‌ని కంటెయినర్‌లో, అంటే ఇమేజ్ అనే కట్టిపెట్టిన ప్యాకేజీ నుంచి లేచి విడిగా నడిచే డాకర్ గదిలో, పెట్టండి. ఒకే మెషీన్ మీద రెండు అప్లికేషన్లు రెండు పైథాన్ వెర్షన్లు అడిగితే కంటెయినర్‌ని మించిన దారి లేదు.

డేటాబేస్‌నీ డాకర్‌లోనే పెడితే ట్యాగ్ (ఇమేజ్‌లో ఏ వెర్షన్ కావాలో చెప్పే గుర్తు) విషయంలో జాగ్రత్త. ఏ కంటెయినర్లు ఎలా నడవాలో రాసే కంపోజ్ ఫైలులో "పోస్ట్‌గ్రెస్:లేటెస్ట్" అని రాసి వదిలేస్తారు. ఒకరోజు పుల్ చేసి అప్ చేయగానే 16 స్థానంలో 17 వస్తుంది, కంటెయినర్ లేచి వెంటనే పడిపోతుంది. లాగ్‌లో "డేటాబేస్ ఫైల్స్ ఆర్ ఇన్‌కంపాటిబుల్ విత్ సర్వర్" అని ఉంటుంది. కంగారుపడి వాల్యూమ్ (కంటెయినర్ డేటా దాచే చోటు) తుడిచేయకండి. డేటా అక్కడే భద్రంగా ఉంది. ట్యాగ్‌ని మళ్ళీ 16కి మార్చి లేపండి, పీజీ_డంప్ఆల్‌తో మొత్తం బయటికి తీయండి, 17ని కొత్త ఖాళీ వాల్యూమ్‌తో లేపి అందులోకి ఎక్కించండి. సరిచూసుకున్నాకే పాతది తీసేయండి. "కంపోజ్ డౌన్"కి "-వీ" తగిలిస్తే వాల్యూమ్‌లు కూడా పోతాయని ఆ మెషీన్ ముట్టుకునే ప్రతివాళ్ళకీ చెప్పండి.

పెద్ద నంబర్ ఒక్కటి బిగిస్తే చాలదు. "16" అని రాసినా దాని కింద డెబియన్ 12 నుంచి 13కి మారవచ్చు, దానితో గ్లిబ్‌సీ మారుతుంది, అక్షర క్రమం లెక్క మారవచ్చు. రైతుల పేర్లు తెలుగులో ఉన్న కాలమ్ మీద ఇండెక్స్ ఉంటే వెతికినప్పుడు ఉన్న పేరు లేనట్టు చూపే ప్రమాదం ఉంది. లాగ్‌లో "కొలేషన్ వెర్షన్ మిస్‌మ్యాచ్" కనిపిస్తే డేటాబేస్‌ని రీఇండెక్స్ చేసి, "ఆల్టర్ డేటాబేస్ ... రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్" ఇవ్వాలి. అసలు ట్యాగ్‌ని "16-బుక్‌వార్మ్" (బుక్‌వార్మ్ అంటే డెబియన్ 12) అని బేస్‌తో సహా రాసుకుంటే మార్పు మీరు అనుకున్న రోజునే జరుగుతుంది.

పోర్టుల దగ్గర ఎక్కువమంది మోసపోతారు. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432 మూసేశాం కదా అనుకుంటారు. కంపోజ్‌లో "5432:5432" అని ఉంటే డాకర్ నేరుగా ఐపీటేబుల్స్‌లో (యూఎఫ్‌డబ్ల్యూ కింద ఉండే అసలు ఫైర్‌వాల్) తన నియమాలు రాస్తుంది, యూఎఫ్‌డబ్ల్యూ మూసిన తలుపు పక్కనుంచి దారి తెరుచుకుంటుంది. బయట ఐపీ ఉన్న సర్వర్ అయితే డేటాబేస్ లోకానికంతటికీ కనబడుతుంది. "127.0.0.1:5432:5432" అని రాయండి. అప్లికేషన్ కూడా అదే కంపోజ్‌లో ఉంటే ఆ వరసే తీసేయండి, లోపలి నెట్‌వర్క్‌లో అవి మాట్లాడుకోగలవు. డాకర్ గ్రూపులో చేర్చిన యూజర్ రూట్‌తో సమానమనీ గుర్తుంచుకోవాలి. అది నచ్చకపోతే రూట్ లేకుండా నడిచే పాడ్‌మ్యాన్ చూడండి. 4.4 నుంచి క్వాడ్‌లెట్ వచ్చాక సిస్టమ్‌డీ సర్వీసుగా నడపడం తేలికైంది. 1024 కంటే తక్కువ పోర్టులు మాత్రం దానికి మామూలుగా అందవు.

డాకర్ మామూలు లాగ్‌కి హద్దు లేదు, డిస్కు నిండేదాకా పెరుగుతుంది. డిస్కు నిండితే పోస్ట్‌గ్రెస్ ఆగుతుంది. డీమన్ సెట్టింగ్స్‌లో మ్యాక్స్-సైజ్ 10 ఎంబీ, మ్యాక్స్-ఫైల్ 3 అని మొదటి రోజునే పెట్టండి. ఇది కొత్తగా సృష్టించిన కంటెయినర్లకే వర్తిస్తుంది, ఉన్నవాటిని తీసి మళ్ళీ లేపాలి.

కరెంటు పోయి వచ్చే ఊళ్ళలో రీస్టార్ట్ పాలసీ "అన్‌లెస్-స్టాప్డ్" ఉంచండి. మెషీన్ మళ్ళీ లేచినప్పుడు కంటెయినర్లను లేపేది కంపోజ్ కాదు, డాకర్ డీమన్. కాబట్టి "డిపెండ్స్_ఆన్" వరస అప్పుడు పనిచేయదు. పోస్ట్‌గ్రెస్ కోలుకునేలోపే అప్లికేషన్ లేచి, కనెక్షన్ దొరక్క పడిపోవచ్చు. రీస్టార్ట్ పాలసీ ఉంటే రెండో మూడో ప్రయత్నంలో నిలబడుతుంది.

ఇమేజ్‌ని మీరే కడుతుంటే, కోడ్ మారకపోయినా వారానికోసారి "బిల్డ్ --పుల్ --నో-క్యాష్" చేసి మళ్ళీ లేపాలి. బేస్‌లో వచ్చిన మరమ్మతులు అలాగే అందుతాయి. నడుస్తున్న కంటెయినర్ లోపలికి వెళ్ళి ఏపీటీ అప్‌గ్రేడ్ కొట్టేవాళ్ళున్నారు. కంటెయినర్ మళ్ళీ సృష్టించగానే అదంతా పోతుంది. ఈ వారం వారం పని చేసే మనిషి లేకపోతే ఆ అప్లికేషన్‌కి డెబియన్ ప్యాకేజీ దారే వెతకండి. కట్టి వదిలేసిన ఇమేజ్ మూడేళ్ళు నడుస్తుంది, చక్కగా నడుస్తుంది. దాంతోనే ఎవరూ దాన్ని తిరిగి చూడరు.

నెట్ లేని రోజుకి

అక్టోబరు, నవంబరు తుపాన్లలో కోనసీమ వైపు కరెంటు, టవర్లు రోజుల తరబడి పోవచ్చు. మెషీన్ తడిసి కొత్తది పెట్టవలసి వస్తే నెట్ లేకుండా ఎక్కించగలరా అన్నది కూడా ఎంపికలో భాగమే. యాప్‌ఇమేజ్‌ది కాపీ కొట్టడమే. స్నాప్‌కి "స్నాప్ డౌన్‌లోడ్" చేస్తే రెండు ఫైళ్ళు వస్తాయి. రెండోది, అసర్ట్ ఫైలు, ముందు "స్నాప్ ఆక్"తో ఇవ్వాలి, తర్వాత స్నాప్ ఎక్కించాలి. ఆ స్నాప్ ఆధారపడే బేస్ స్నాప్‌ని విడిగా దించుకోవడం మర్చిపోతే అక్కడే ఆగిపోతుంది. ఫ్లాట్‌పాక్‌కి "ఫ్లాట్‌పాక్ క్రియేట్-యూఎస్‌బీ" ఉంది, రన్‌టైమ్‌తో సహా పెన్‌డ్రైవ్‌లోకి తీస్తుంది. దానికి ముందు రెండు మెషీన్లలోనూ ఫ్లాట్‌హబ్ రిమోట్‌కి కలెక్షన్ ఐడీ పెట్టి ఉండాలి.

డాకర్‌కి "డాకర్ సేవ్"తో టార్ ఫైలు తీసి, అవతల "డాకర్ లోడ్" చేయాలి. ఎఫ్‌ఏటీ32 మీద 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి. సేవ్‌లో వచ్చేది ఇమేజ్ మాత్రమే, వాల్యూమ్‌లో ఉన్న డేటా రాదు. పీజీ_డంప్ ఫైలు, కంపోజ్ ఫైలు, ఎన్విరాన్‌మెంట్ ఫైలు విడిగా పక్కన పెట్టాలి. ఇంటెల్ మెషీన్‌లో తీసిన ఇమేజ్ రాస్ప్‌బెర్రీ పై మీద నడవదు. ఈ సరంజామాతో జూన్‌లోనే ఒకసారి, నెట్ కేబుల్ పీకేసి, ఖాళీ మెషీన్ మీద అంతా లేపి చూడండి. ఏది మర్చిపోయారో అప్పుడే తెలుస్తుంది.